నూట ఇరవై ఎనిమిది గడులు

శేషారత్నం గారింట్లో పెట్టె ఆరోసారి చచ్చిపోయిందని ఫోనొచ్చినప్పుడు నేను బాధపడలేదు, విసుక్కున్నాను. ఈ కథ ఆ విసుగు దగ్గర్నుంచే మొదలుపెట్టాలి. ఆ తర్వాత నేను చేసిన వెధవపని మొత్తం దాంట్లోంచే పుట్టింది.

పెట్టె అంటే పెద్ద వస్తువేం కాదు. ఇళ్లలో ఇంటర్నెట్ కోసం పెట్టుకునే రౌటరు, రెండు కొమ్ములున్న నల్ల డబ్బా. జనం పాతబడ్డాయని మార్చేసినవి పదకొండు పోగుచేసి, కాకినాడలో మా స్వరశోధన కేంద్రం పదకొండు ఇళ్లలో పెట్టింది. ఆ పదకొండు ఇళ్లలోనూ మాట పడిపోయిన మనిషి ఒకరున్నారు. వాళ్ల మెడకి మేం తయారుచేసిన కంఠపట్టీ ఉంది.

మనం ఒక మాట అనాలనుకుంటే, పైకి అనకపోయినా, గొంతులో కండరాలు సన్నగా కదులుతాయి. పట్టీ ఆ కదలికని పట్టుకుని అక్షరాలుగా మారుస్తుంది. అలా తయారైన వాక్యం ఈమెయిల్ అయి రౌటరులోని తపాలా ప్రోగ్రాంకి చేరుతుంది. అక్కణ్నుంచి ఇంట్లోవాళ్ల ఫోన్లకి వెళ్తుంది. దూరాన ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లకి పంపితే పని సులువయ్యేది. కానీ మనిషి మనసులో మాట ఇంటి గడప దాటకూడదని మా డైరెక్టరు డాక్టర్ నళిని గారు పట్టుబట్టారు. అందుకని ఆ డబ్బాలోనే ఓ చిన్న తపాలా ఆఫీసు తెరిచాం. డబ్బాలో మెమొరీ బహు తక్కువ. అది చావకుండా చూసే ఉద్యోగం నాది. నా పేరు త్రినాథ్.

అక్టోబరు పదిహేడున ఏమీ తినకుండానే బండెక్కి జగన్నాథపురం వెళ్లాను. రెండో అంతస్తులో ఫ్లాటు. శేషారత్నం గారి భర్త గంగాధరం గారు పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, గుమ్మంలోనే ఎదురొచ్చారు. వాళ్లమ్మాయి హైమ పాలిటెక్నిక్‌లో పనిచేస్తుంది. ఆవిడ వంటింట్లో ఉంది. చెప్పులు బయట విప్పి లోపలికి నడిచాను.

హాల్లోనే మంచం. శేషారత్నం గారికి అరవై దాటాయి. తొమ్మిది నెలల క్రితం పక్షవాతం వచ్చి కాళ్లూ చేతులూ మాటా పోయాయి. చెంచాతో పోస్తే మింగగలరు. కళ్లు మాత్రం బాగా తిరుగుతాయి. ఆ కళ్లు నా వెనకే వచ్చాయి.

"నిన్న 'మంచినీళ్లు' అనొచ్చింది బాబూ," అన్నారు గంగాధరం గారు. "తొమ్మిది నెల్లయింది దాని మాట విని. నేనూ హైమా ఫోను పట్టుకుని అలా చూస్తా కూచున్నాం. నీళ్లివ్వడం మర్చేపోయాం!"

నేను నవ్వాను. పెట్టె ఉన్న బల్ల కిందకి దూరి, బొత్తాం నొక్కి దాన్ని లేపి, కంప్యూటరు ఒళ్లో పెట్టుకున్నాను. ఆయన పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. మాట్లాడే మనిషి దొరికితే వదిలిపెట్టే రకం కాదాయన. భార్యవైపు చూపించి మొదలుపెట్టారు.

"మీ పిన్ని టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు బాబూ. ఊళ్లో సగం నంబర్లు నోటికి చెప్పేది. ట్రంకు కాల్ మధ్యలో తెగిపోయిందనుకో, మళ్లీ బుక్ చేసుకోండని ఎప్పుడూ అనేది కాదు. తెగ్గొట్టింది మనం, తిప్పలు వాళ్లకెందుకు అనేది. చీటీలన్నీ తీసి, ఏ వరసలో బుక్ చేశారో ఆ వరసలో, తనే మళ్లీ కలిపేది. తెగినవి ముందు, కొత్తవి తర్వాత. ఆవిడ పద్ధతి అది."

"ఊఁ," అన్నాను. నేను వినలేదు. నా కళ్ల ముందు పెట్టె మెమొరీ లెక్క కదులుతోంది. సగం నిండింది, ముప్పాతిక నిండింది. ఉన్నట్టుండి మొత్తం నిండిపోయింది. పచ్చదీపం ఆరి ఎర్రదీపం వెలిగింది. నా ఎదురుగానే చచ్చింది. సరే, ఒకసారి కరెంటు తీసి పెడదామని గోడ మీది ప్లగ్గు పట్టుకున్నాను.

చెయ్యి భుజం దాకా ఝల్లుమంది. తల వెళ్లి బల్లకి కొట్టుకుంది. ఆ గోడకి చెమ్మ ఉందట. ఆ బోర్డు షాక్ కొడుతుందట.

"కొడుతుందని ముందే చెప్పొద్దా అండీ? ఇంతమంది ఉన్నారు, ఒక్కరికి నోరు లేదా?" అని అరిచాను.

నోరు లేదా అన్నాను. ఆ మంచానికి నాలుగడుగుల దూరంలో నిలబడి. హైమ పరుగెత్తుకొచ్చి, "అయ్యో, సారీ అండీ, నాన్న చెప్పుంటారనుకున్నాను," అంది. శేషారత్నం గారు నన్నే చూస్తున్నారు. ఆ చూపుకి అర్థమేమిటని నేను ఆలోచించలేదు.

పెట్టెని మళ్లీ లేపి చిట్టా తీశాను. తొమ్మిది నలభై రెండుకి ఒక భారీ సందేశం వచ్చింది, దాన్ని విప్పుతూ పెట్టె చచ్చింది. కారణం అరగంటలో దొరికింది. పట్టీ అక్షరాలు పోల్చుకోవడంలో తప్పులు చేస్తుంది కాబట్టి, వాక్యాన్ని సరిచేసే చిన్న ప్రోగ్రాం ఒకటి నేనే రాసి తపాలా ప్రోగ్రాంకి తగిలించాను. అది ప్రతి అక్షరానికీ, ఇది కాకపోతే ఏమై ఉంటుందని పది ఊహలు చేస్తుంది. వాక్యం సాగేకొద్దీ ఊహలు పుట్టలు పుట్టలుగా పెరుగుతాయి. మెమొరీ నిండిందంటే డబ్బా తనని తాను కాపాడుకోవడానికి ఎక్కువ చోటు తింటున్న ప్రోగ్రాంని చంపేస్తుంది. మా డబ్బాలో అన్నిటికన్నా తిండిపోతు తపాలా ప్రోగ్రామే.

దానికి మందు తెలుసు నాకు. వాక్యాన్ని ఒక్కసారిగా కాకుండా మాటకి మాట విడగొట్టి సరిచేయించాలి. మహా అయితే ఒక పూట పని. కానీ మర్నాడే నళిని గారి దగ్గర సమీక్ష ఉంది, పదకొండు పెట్టెల్లో తొమ్మిది రోజూ చస్తున్నాయి, నాకు భుజం నొప్పిగా ఉంది. అందుకని అడ్డదారి తొక్కాను. నూట ఇరవై ఎనిమిది గడులు దాటిన సందేశాన్ని విప్పకుండా పక్కన పడేయమని అన్ని పెట్టెలకీ ఒక్క వరస రాశాను. గడి అంటే కంప్యూటరులో ఒక అక్షరం పట్టే చోటు. నూట ఇరవై ఎనిమిదంటే ఇరవై మాటలు. మాట పడిపోయినవాళ్లకి ఇరవై మాటలు చాలవా అనుకున్నాను.

మామూలుగా ఉత్తరం చేరకపోతే, చేరలేదని పంపినవాళ్లకి తిరుగుటపా వెళ్లాలి. తపాలా ప్రోగ్రాంలకి అది మర్యాద. పట్టీలో చెవి దగ్గర ఓ బుల్లి స్పీకరు ఉంది, అందులో వినిపించేది. దానికీ మెమొరీ కావాలి కదా, అదీ కట్టేశాను. ఇరవై ఇంగ్లీషు మాటలు, హలో టెస్టింగ్ వన్ టూ త్రీ రకం, కొట్టి పంపి చూశాను. చక్కగా చేరాయి.

"ఇంక చావదు బాబాయిగారూ," అన్నాను లేచి దులుపుకుంటూ.

నిజంగానే చావలేదు. మా కేంద్రంలో గోడకి కట్టిన తెల్లబోర్డు మీద 'పెట్టె పోకుండా ఎన్ని రోజులు' అని రాసి రోజుకో అంకె మార్చేవాళ్లం. యాభైకి చేరినప్పుడు నళిని గారు అందరికీ కాజాలు తెప్పించి, "త్రినాథ్ పుణ్యం," అన్నారు. వందకి చేరినప్పుడు చప్పట్లు కొట్టారు. నేను మొహమాటం నటించాను. లోపల ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

ఇళ్లకి నెలకోసారి వెళ్లి, ఫోన్లకి చేరిన మాటలు లెక్కకట్టి నివేదిక రాయడం కూడా నా పనే. డిసెంబరులో శేషారత్నం గారి మాటల జాబితా ఇలా ఉంది: మంచినీళ్లు. ఫ్యాను తగ్గించు. కాలు నొప్పి. చాలు. దోమలు. దుప్పటి. అన్ని ఇళ్లలోనూ ఇంచుమించు ఇదే వరస. 'రోగుల మాటలు నిత్యావసరాలకే పరిమితం. దీర్ఘవాక్య నిర్మాణం కనిపించలేదు' అని రాశాను. ఆ వాక్యం రాసినందుకు కూడా నన్ను మెచ్చుకున్నారు. పెద్దాసుపత్రి నరాల డాక్టరు అది చదివి, ఆలోచన ఆ మేరకే మిగిలి ఉంటుంది, ఆశలు పెట్టుకోకండని గంగాధరం గారికి చెప్పారు.

అంతకుముందు ఆయన రోజూ మంచం పక్కన కూర్చుని పేపరు పైకి చదివేవారు. ఆ తర్వాత మానేశారు. చుట్టాలొస్తే మంచం పక్కనే నిలబడి ఆవిడ రోగం గురించి, ఎన్నాళ్లుంటుందన్న దాని గురించి మాట్లాడేవారు. గొంతు తగ్గించేవారు కాదు. జనవరిలో వెళ్లినప్పుడు హైమ నాకు టీ ఇస్తూ, "అమ్మ లోపల లేదనుకుంటే కొంచెం తేలిగ్గా ఉంటోందండీ. ఉందనుకుంటేనే తట్టుకోలేం," అంది. నేను బుద్ధిమంతుడిలా తలూపాను. విశాఖపట్నంలో ఇలాంటివాళ్లని చూసుకునే చోటు ఒకటుందని, గంగాధరం గారి నడుం పట్టేస్తోంది కాబట్టి అక్కడ చేరుద్దామనుకుంటున్నామని చెప్పింది. అక్కడ పట్టీలూ పెట్టెలూ ఉండవు. తొమ్మిది బొమ్మలున్న పలక చూపిస్తారట. నీళ్లు కావాలంటే నీళ్ల బొమ్మ మీద చూపు నిలపాలి.

"మీ నివేదిక చూశాకే నాన్న ధైర్యం చేశారు," అంది.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పదిగంటలకి అంబులెన్సు మాట్లాడుకున్నారు. దానికి రెండ్రోజుల ముందు, బుధవారం, మాకు డబ్బిచ్చే కమిటీ కేంద్రానికి వస్తోంది. నళిని గారు పట్టీ తన మెడకే కట్టుకుని, పెదవి కదపకుండా వాళ్లకి స్వాగతం చెప్పాలని ముచ్చటపడ్డారు. ఆ పొద్దున, వాళ్లు రాకముందే ఒకసారి సాధన చేద్దామన్నారు. మా కేంద్రానికి విచ్చేసిన కమిటీ సభ్యులందరికీ హృదయపూర్వక స్వాగతం. అంతే, ఏడు మాటలు.

నా ఫోనుకి రాలేదు.

"మళ్లీ అనండి మేడమ్."

మళ్లీ అన్నారు. రాలేదు. కేంద్రంలో పరీక్షకి ఉంచుకున్న పెట్టె చచ్చిందేమోనని చూశాను. పచ్చదీపం నిక్షేపంలా వెలుగుతోంది. "ఇంగ్లీషులో అని చూస్తానుండు," అని, అదే స్వాగతం ఇంగ్లీషులో అన్నారు. ఠక్కున వచ్చింది.

"తెలుగంటే పడదేంటయ్యా నీ పెట్టెకి?" అని నవ్వారావిడ.

నాకు నవ్వు రాలేదు. ఇంగ్లీషు అక్షరం ఒక్క గడిలో సర్దుకుంటుంది. తెలుగుకి అలా కుదరదు. అక్షరానికి మూడు గడులు, దాని గుణింతానికి మూడు, ఒత్తుకి ఇంకో మూడు, ఆ ఒత్తుని కలిపే గుర్తుకి మరో మూడు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికే పద్దెనిమిది గడులు. నూట ఇరవై ఎనిమిది గడులంటే ఇంగ్లీషులో ఇరవై మాటలు కావచ్చు. తెలుగులో నాలుగైదు, మరీ చిన్నవైతే ఇంకో రెండు మూడు. ఇది తెలియని విషయం కాదు. కంప్యూటరు కోర్సు మొదటి సంవత్సరం పిల్లలకి కూడా తెలుసు. కానీ తెలుగువాళ్ల గొంతుల కోసం తెలుగువాళ్లం కట్టిన యంత్రాన్ని నేను ఇంగ్లీషులో పరీక్షించాను. మేమంతా అన్నీ అలాగే పరీక్షిస్తాం. అది మాకు అలవాటు.

శేషారత్నం గారి పెట్టె చిట్టా తెరిచాను. అక్టోబరు పదిహేడు నుంచి పట్టీ పంపినవి పద్దెనిమిది వందల నలభై ఆరు. ఫోన్లకి చేరినవి ఏడు వందల మూడు. చేరకుండా పోయినవి పదకొండు వందల నలభై మూడు. వాటిలో మాటలు మిగల్లేదు, ఉంచుకోవడానికి డబ్బాలో చోటెక్కడిది. ఒక్కోదానికి ఒక్క వరస: తేదీ, టైము, ఎన్ని గడులు. మొదటి వారాల్లో రోజుకి ముప్పై, నలభై. నవంబరు చివరికి పది. డిసెంబరులో రెండు, మూడు. జనవరి పంతొమ్మిదిన ఒకటి, మధ్యాహ్నం, చాలా పొడవైనది. ఆ తర్వాత ఒక్కటీ లేదు. ఆవిడకి మాట పోలేదు. ఆవిడ చెప్పిచెప్పి ఊరుకున్నారు.

తిరుగుటపా నేనే కట్టేశాను కాబట్టి, చేరలేదని ఆవిడకి తెలిసే దారి లేదు. నీళ్లంటే నీళ్లు తెచ్చారు. దుప్పటంటే కప్పారు. మనసు విప్పి చెప్పినవాటికి మాత్రం ఒక్కరూ బదులు పలకలేదు. నాలుగు నెలలపాటు ఆవిడకి అర్థమైంది అదే.

సిగ్గుపడ్డవాడు వెంటనే వెళ్లి కాళ్ల మీద పడతాడని అనుకుంటాం. నేను అలా చెయ్యలేదు. ఎవరికీ తెలియకుండా సర్దేద్దామని చూశాను. అక్టోబరులో చెయ్యాల్సిన పని ఆ సాయంత్రం కూర్చుని పూర్తిచేశాను, గంటన్నర పట్టింది. నూట ఇరవై ఎనిమిది వరస తీసేశాను. తెలుగులో పెద్దపెద్ద వాక్యాలు పంపి చూశాను, అన్నీ చేరాయి. మిగతా పది పెట్టెలకి కేంద్రం నుంచే కొత్త ప్రోగ్రాం పంపించి, మామూలు తనిఖీ అని చెప్పి గురువారం పొద్దున్నే జగన్నాథపురం వెళ్లాను. రేపు ప్రయాణం, ఈలోగా ఆవిడ ఒక్క పెద్ద మాట అంటే చాలు, అద్భుతం జరిగిందనుకుంటారు, నా పాపం పైకి రాదు. నా లెక్క అది.

పెట్టె సరిచేసి, మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాను. మూల బ్యాగు సర్ది ఉంది. దాని మీద మడతపెట్టిన శాలువా.

"పిన్నిగారూ, ఏవైనా మాట్లాడండి. పెట్టె ఇప్పుడు బావుంది," అన్నాను.

ఆవిడ నన్ను చూశారు. తర్వాత కళ్లు గోడవైపు తిప్పేసుకున్నారు. పావుగంటకి గంగాధరం గారి ఫోను మోగింది. 'ఫ్యాను' అని. ఆయన లేచి ఫ్యాను తగ్గించారు. ఇంకో గంటకి 'నీళ్లు'. అంతే.

దారి బాగుచేశాను, నడిచే మనిషి లేదు. మీ మాటలు మాకు చేరలేదని ఎవరో ఒకరు ఆవిడకి చెబితే తప్ప ఆవిడ మళ్లీ నోరు విప్పరు. అది నేను తప్ప చెప్పగలిగినవాళ్లు లేరు. నోటి దాకా వచ్చింది. హైమ టీ తెచ్చింది. "రేపు పట్టీ తియ్యడానికి మీరే వస్తారా? మాకు ఆ బకిల్ రాదు," అంది. "వస్తానండీ," అన్నాను. టీ తాగేసి, కప్పు కూడా కింద పెట్టి, మెట్లు దిగి వచ్చేశాను. పిరికితనం అంటే ఏమిటో నాకు ఆ మెట్ల మీద తెలిసింది.

అక్కణ్నుంచి నేరుగా నళిని గారి గదికి వెళ్లి అంతా చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆ నివేదిక మీద నా సంతకం కూడా ఉంది," అన్నారు. "పదకొండు ఇళ్లకీ వెళ్లాలి. కమిటీకి నేను రాస్తాను. ఆ ఇంటికి మాత్రం పొద్దున్నే నువ్వే వెళ్లు. ఒంటరిగా వెళ్లు. ఉత్తరం పంపిద్దాం, ఫోను చేద్దాం అని చూడకు."

చిట్టా కాగితాల మీద ముద్రించుకున్నాను. ఇరవై మూడు కాగితాలయ్యాయి.

శుక్రవారం ఎనిమిదిన్నరకి వెళ్లేసరికి శేషారత్నం గారికి తల దువ్వి, ఇస్త్రీ చీర కట్టి ఉంచారు. గంగాధరం గారు మందుల చీటీలు వెతుకుతున్నారు. కూర్చోమన్నారు. కూర్చోలేదు. నిలబడే, తల వంచుకుని, మొదటి నుంచీ చివరి దాకా చెప్పాను. గడుల సంగతీ, కట్టేసిన తిరుగుటపా సంగతీ, నిన్న దాచిపెట్టి సర్దుదామనుకున్న సంగతీ.

గంగాధరం గారికి ముందు అర్థం కాలేదు. "అంటే... మాట్టాడేదా?" అన్నారు.

"రోజూ మాట్లాడారండి. పదకొండు వందల నలభై మూడు సార్లు."

ఆయన చేతిలో చీటీలు జారిపోయాయి. "ఓ రోజు 'చదివారా' అనొచ్చింది బాబూ. పేపరు గురించనుకున్నాను. ఆఁ, చదివేశాలే అన్నాను." ఆయన మంచంవైపు తిరిగారు. "చదివానని చెప్పాను దానికి నేను. చదివానన్నాను."

హైమ ఏడవలేదు. నా ఎదురుగా వచ్చి నిలబడింది. "అమ్మ పక్కన కూచుని, అమ్మ ఇంక లేదనుకుంటున్నానని ఫోన్లో ఎంతమందికి చెప్పానో తెలుసా అండీ మీకు? అన్నీ వింది. జవాబు కూడా చెప్పే ఉంటుంది. ఆ జవాబుని మీరు చెత్తలో పడేశారు. నేనేమో అమ్మ ఎదురుగానే ఇంకొకళ్లకి ఫోను చేశాను." ఆవిడ చెయ్యి ఎత్తింది. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బావుండేది. చెయ్యి దించి, కిటికీ దగ్గరికి వెళ్లిపోయింది.

నేను మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. శేషారత్నం గారి కళ్లు గోడవైపే ఉన్నాయి. కానీ చెవులున్నాయిగా, ఇందాకట్నుంచీ అంతా విన్నారు. అయినా ఆవిడకి విడిగా చెప్పాలి.

"పిన్నిగారూ. మీరు మనసు విప్పి చెప్పిన మాటలు వీళ్లకి చేరలేదు. ఒక్కటీ చేరలేదు. వీళ్లు చదివి ఊరుకోలేదు. మధ్యలో తెగ్గొట్టింది నేను. నేను బద్ధకించి చేశాను. తర్వాత సిగ్గుపడి దాచాను."

ఏమీ రాలేదు. కింద వీధిలో చేపలమ్మే మనిషి కేక వినిపించింది. గంగాధరం గారు గోడకి జేరబడి కళ్లు మూసుకున్నారు. పది నిమిషాలు గడిచి ఉంటాయి. నా జన్మలో అంత పొడుగు పది నిమిషాలు లేవు. అప్పుడు వాళ్లవి రెండూ, తనిఖీ కోసం పెట్టెకి కలిపిన నాదీ, మూడు ఫోన్లూ ఒక్కసారే మోగాయి. ఆవిడ కళ్లు గోడ మీంచి తిరిగి నా చేతిలో కాగితాల మీద ఆగి ఉన్నాయి.

'అవి తెగినవాటి చీటీలేనా?'

"అవునండి," అన్నాను. "మాటలు లేవు. తేదీ, టైము, పొడవు, అంతే."

'చాలు. చదువు. వరసలో.'

హైమ కిటికీ దగ్గర్నుంచి వచ్చి ఫోను చూసింది, అమ్మ మొహం చూసింది, మంచం అంచున కూర్చుంది. నేను మొదటి కాగితం మొదటి వరస చదివాను.

"అక్టోబరు పదిహేడు. పొద్దున్న తొమ్మిది నలభై రెండు. నాలుగు వందల పైచిలుకు గడులు."

చదువుతూ ఉండగానే నాకు ఆ రోజు గుర్తొచ్చింది. నేను బల్ల కింద ఉన్నాను. నా ఎదురుగా మెమొరీ నిండింది. దీపం ఎర్రబడింది. నా నివేదికలో దానికి భారీ సందేశం అని పేరు పెట్టాను. ఏముందోనని ఆ రోజూ అనుకోలేదు, ఆ తర్వాత ఎన్నడూ అనుకోలేదు.

శేషారత్నం గారు నా వైపు చూశారు. ఈసారి ఫోన్లు నింపాదిగా, మెల్లిగా మోగాయి. పెట్టె పచ్చగానే వెలుగుతోంది.

'అది నీకే బాబూ. ఆ ప్లగ్గు బోర్డుకి చెమ్మ ఉంది, షాక్ కొడుతుంది. చెప్పులు వేసుకుని పట్టుకో. ఏమీ తినకుండా వచ్చినట్టున్నావు. హైమా, ఇతనికి రెండిడ్లీలు పెట్టు. ఆయన కబుర్లకేం గానీ, తిన్నాక పని చూసుకో.'

ఒక్కరికి నోరు లేదా అని నేను అరిచిన అరుపు ఆ గదిలో ఇంకా ఉన్నట్టు అనిపించింది. తల ఎత్తలేకపోయాను. ఆ మాట వల్లే పెట్టె చచ్చింది, పెట్టె చచ్చిందనే నేను ప్లగ్గు పట్టుకున్నాను, పట్టుకున్నందుకే కోపమొచ్చింది, ఆ కోపంలోనే ఆవిడ నోరు కట్టేశాను.

కింద అంబులెన్సు హారన్ వినిపించింది. పదింటికి రావాల్సింది, ముందే వచ్చేసింది. గంగాధరం గారు లేచి, కండువాతో మొహం తుడుచుకుని, "వద్దని చెప్పొస్తాను," అని మెట్లు దిగారు. నడుం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

హైమ వంటింట్లోకి వెళ్లింది. తిరిగొచ్చి నా ముందు నేల మీద పళ్లెం పెట్టింది. రెండిడ్లీలు, పక్కన అల్లం పచ్చడి. నా మొహం చూడకుండానే పెట్టింది. క్షమించి పెట్టలేదని నాకు తెలుసు. వాళ్లమ్మ పెట్టమంది కాబట్టి పెట్టింది.

"వద్దండీ," అన్నాను.

"తినండి. నాలుగు నెల్లు ఆలస్యం అయ్యింది," అంది.

శేషారత్నం గారు నన్ను చూస్తూనే ఉన్నారు. తినే దాకా ఆవిడ ముందుకి సాగనివ్వరని అర్థమైంది. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నీళ్లు తాగి మింగాను. రెండూ పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని వచ్చి, మళ్లీ అదే చోట కూర్చుని కాగితాలు ఒళ్లో పెట్టుకున్నాను. గంగాధరం గారు పైకొచ్చి ఆవిడ తల దగ్గర పీట వేసుకున్నారు.

ఫోన్లు మోగాయి. 'తర్వాతది.'

"అక్టోబరు పదిహేడు," అని చదివాను. "పొద్దున్న పది ఇరవై."